కోడి తినే పిల్ల కుందేలు కోసం ఏడిస్తే తప్పా?

అమ్మా, మీ మెసేజ్ రెండుసార్లు చదివాను. పద్నాలుగేళ్ల మీ పాప ఇంట్లో కుందేలుని పెంచుకుంటోంది, ఫ్రెండ్ వాళ్లింటికి భోజనానికెళ్లి కూర బావుందని మళ్లీ అడిగి మరీ వేయించుకుంది, తిన్నాక అది కుందేలు మాంసమని చెప్పారు, ఇంటికొచ్చి వాంతి చేసుకుంది, అప్పట్నుంచి ఏ మాంసమూ ముట్టట్లేదు. మీవారేమో "నిన్నటిదాకా కోడి తిన్నావుగా, దానికి ప్రాణం లేదా" అని రోజూ కంచం ముందు కూర్చోగానే మొదలెడుతున్నారు, పాప ఆయన్ని హంతకుడు అనేసింది, ఇప్పుడు తండ్రీకూతుళ్లకి మాటల్లేవు. పిల్లకి మెంటల్‌గా ఏమన్నా అయిందా, డాక్టర్‌కి చూపించాలా అని అడిగారు.

మీ పాపకి జబ్బేం లేదు, ముందు ఆ భయం తీసేసుకోండి. రుచి నచ్చకపోవడం వేరు, అసహ్యం వేరు. కూర రుచి ఆమెకి నచ్చింది, నచ్చిందని మీరే రాశారు, పేరు తెలిశాకే కదా కడుపులో తిప్పింది. అంటే వాంతి చేయించింది నాలుక కాదు, మనసు. పాల్ రోజిన్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ చాలా ఏళ్లు దీనిమీదే పనిచేశారు. ఆయన బృందం ఒక ప్రయోగంలో స్టెరిలైజ్ చేసిన చచ్చిన బొద్దింకని జ్యూస్‌లో ముంచి తీసి తాగమంటే, క్రిములేం లేవని చెప్పినా జనం ఆ జ్యూస్ ఇష్టపడలేదు. అసహ్యం అలాగే పనిచేస్తుంది, ప్రమాదం లేదని ఎంత రుజువు చేసినా తగ్గదు, ఒక్కసారి తగిలిందంటే లోపలికంతా పాకినట్టే ఉంటుంది. అందుకే "కుందేలు కూడా మాంసమేగా" అని మీవారు ఎన్ని లాజిక్కులు చెప్పినా ఆ పిల్ల కడుపు వినదు.

ఇంకోటి గమనించండి, ఆకుకూర నచ్చనివాళ్లు ఉంటారు గానీ దాన్ని తలుచుకుని వాంతి చేసుకునేవాళ్లు చాలా తక్కువ. తిండి విషయంలో మనుషులు పెట్టుకున్న నిషేధాల్లో మాంసానివే ఎక్కువ. కుళ్లితే మాంసం చేసినంత చెడు మామూలు కూరగాయ చెయ్యదు కాబట్టి దాని విషయంలో మనిషికి మొదట్నుంచీ అనుమానం ఎక్కువ అంటారు, అది సగం కారణం. మిగతా సగం ఏంటంటే అది మనలాగే కళ్లున్న, భయపడే, నొప్పి తెలిసే ప్రాణి.

మరి ఏ ప్రాణి తిండి, ఏది కాదు అన్నది ఎవరు తేల్చారంటే, ఆ ప్రాణిలో ఉన్న లక్షణం ఒక్కటే తేల్చలేదమ్మా, అది మాత్రం గట్టిగా చెప్పగలను. పంది తెలివిలో కుక్కకి తీసిపోదు, అయినా కుక్కని ఒళ్లో పెట్టుకునే దేశాల్లోనే పందిని తింటారు. గినీ పిగ్ పెరూలో వేల ఏళ్లుగా భోజనం, వేరేచోట్ల పిల్లలు పేరు పెట్టి పెంచుకునే జీవం. రొయ్యకీ మిడతకీ శరీరం తీరులో దగ్గర చుట్టరికం ఉంది, రొయ్యలు ఇష్టంగా తినే ఎంతోమంది మిడతని ప్లేట్‌లో చూస్తే లేచిపోతారు. గుర్రం సంగతి చూడండి, 732లో పోప్ మూడో గ్రెగరీ గుర్రం మాంసం తినొద్దని ఉత్తరం రాశాడు, 1866లో ఫ్రాన్స్‌లో దాని అమ్మకాన్ని చట్టబద్ధం చేశారు, మళ్లీ 2013లో బీఫ్ అని అమ్మినవాటిలో గుర్రం మాంసం కలిసిందని బయటపడితే యూరప్‌లో పెద్ద గొడవైంది. మోసం చేశారన్న కోపం ఒకటైతే, తెలీకుండా గుర్రం తిన్నామన్న వెగటు ఇంకోటి. దక్షిణ కొరియాలో ఒకప్పుడు కుక్కమాంసం మామూలే, పెంపుడు కుక్కలు ఇళ్లల్లోకొచ్చాక కొత్త తరానికి మనసొప్పలేదు, 2024 జనవరిలో ఆ వ్యాపారాన్ని ఆపేసే చట్టం చేశారు, 2027 నుంచి అమలు. ఒక దేశంలో కొన్ని దశాబ్దాలు పట్టిన మార్పు మీ పాపలో ఒక్క సాయంత్రంలో జరిగింది, తేడా అంతే.

పేరు పెట్టి, చేత్తో మేత పెట్టి, ఒళ్లో పడుకోబెట్టుకున్న జీవం మనకి "ఒకరు" అయిపోతుంది. పేరులేనిది "మాంసం"గా ఉండిపోతుంది. అలా ఉండిపోవడానికి మనం తెలీకుండానే సాయం చేస్తాం కూడా. 2010లో ఆస్ట్రేలియా పరిశోధకులు కొంతమందికి ఎండబెట్టిన బీఫ్, ఇంకొంతమందికి జీడిపప్పు పెట్టి తర్వాత ప్రశ్నలడిగితే, బీఫ్ తిన్నవాళ్లు ఆవు బాగోగులు పట్టించుకోవాల్సిన అవసరం తక్కువన్నట్టు చెప్పారట. తింటున్న జీవం బాధ గురించి ఆలోచిస్తే ముద్ద దిగదు కాబట్టి మనసు ఆ తలుపు మూసేసుకుంటుంది. మీవారిదీ అదే, అది క్రూరత్వం కాదు, మాంసం తినేవాళ్లు చాలామంది చేసేదే. మీ పాపకి మాత్రం ఆ తలుపు ఊడిపోయింది, కుందేలు వెనకాలే కోడీ మేకా కూడా లోపలికొచ్చేశాయి.

అందుకే మీవారి మాట చాలా బాధ పెడుతోంది. "కోడికి ప్రాణం లేదా" అన్న ప్రశ్న నిజమైన ప్రశ్నే, ఆ పిల్ల కూడా రాత్రిళ్లు తనని తాను అదే అడుక్కుంటూ ఉండొచ్చు, "నేను పెంచుకునేలాంటి కుందేల్నే తిన్నాను" అన్న అపరాధభావం దానికి తోడు. అదే ప్రశ్నని తండ్రి అందరి ముందూ ఎగతాళిగా వేస్తే, కోపం తప్ప ఇంకేం వస్తుంది? హంతకుడు అనడం తప్పే, ఆ మాట వెనక్కి తీసుకోవాలి. కానీ ముందు ఆయన ఆపాలి, పెద్దవాళ్లు కాబట్టి.

ఆయనతో మీరు భోజనం టైంలో కాకుండా విడిగా మాట్లాడండి. వాదనలో నెగ్గడం వద్దు, ఆ రోజు ఏమైందో కూతుర్ని ఒక్కసారి అడిగి అడ్డు రాకుండా వినమనండి. పాపతో కూడా చెప్పండి, తను తెలిసి చేసింది కాదని, ఆ కుటుంబం కూడా ప్రేమగా పెట్టిందే గానీ ఏడిపించాలని కాదని. అలాగే తన మనసు మారినంత మాత్రాన ఇంట్లో మిగతావాళ్లు రాత్రికి రాత్రి దుర్మార్గులైపోరని కూడా, నెమ్మదిగా. మాంసం మానాలా వద్దా అన్నది ఆమెనే తేల్చుకోనివ్వండి, కొన్నాళ్లకి మళ్లీ తినొచ్చు, జన్మంతా తినకపోవచ్చు, రెండూ మంచివే. కూరలో కలిపేసి తెలీకుండా పెట్టే పని మాత్రం పొరపాటున కూడా చెయ్యకండి, ఒకసారి అలా తెలీకుండా తినే ఇంత బాధపడింది, రెండోసారి మీ చేతి అన్నం మీదే నమ్మకం పోతుంది.

మానేస్తే మాత్రం పప్పులు, గింజలు, పాలు, గుడ్లు, వీటిలో ఆమె ఏది ఒప్పుకుంటే అది సరిపడా ఉండేలా చూడండి. ఈ వయసు ఆడపిల్లలకి ఐరన్ ముఖ్యం, పాలూ గుడ్లూ కూడా మానేస్తే బి12 సప్లిమెంట్ గురించి డాక్టర్ని అడగండి. మాంసమొక్కటే కాకుండా ఒక్కోటీ వదిలేస్తూ పోతున్నా, బరువు తగ్గుతున్నా, నెలసరి ఆగినా, తిన్న ప్రతిసారీ వాంతి చేసుకుంటున్నా, అప్పుడు ఆలస్యం చెయ్యకుండా చూపించండి. అలాంటిదేమీ మీరు రాయలేదు కాబట్టి ప్రస్తుతానికి ఆ పిల్లకి కావాల్సింది డాక్టర్ కాదు, తండ్రితో మాటలు.