ఇంకో ఏసీ యూనిట్ కొనే ముందు సర్వర్ ర్యాక్ ముందు నిలబడి గాలి ఎటు పోతోందో చూడండి

గది 18 డిగ్రీల్లో ఉన్నా ర్యాక్ పైభాగంలోని సర్వర్లు టెంపరేచర్ అలారం ఇస్తున్నాయి, కరెంటు వాడకం చూస్తే టెన్షన్‌గా ఉంది, ఇంకో ఏసీ యూనిట్ పెట్టాలా అని అడిగారు. దయచేసి ఇప్పుడే కొనకండి. నేను పనిచేసిన డేటా సెంటర్‌లో అచ్చం ఇదే జరిగింది.

ఒక రాత్రి షిఫ్టులో ఒకే ర్యాక్ ముందు మూడు ఎత్తుల్లో థర్మామీటర్లు తగిలించాను. కింద 17, మధ్యలో 22, పైన 31. చలి చాలక కాదు, చలి పైదాకా చేరక. సర్వర్ల మధ్య ఖాళీగా ఉన్న చోట చెయ్యి పెడితే వెనక నుంచి వేడిగాలి ముందుకు తన్నుకొస్తోంది. సర్వర్ తాను వదిలిన వేడినే మళ్లీ పీల్చుకుంటోందన్నమాట. చల్లగాలి మాకు నేల కింది నుంచి వస్తుంది. కేబుళ్లు పైకొచ్చే నేల రంధ్రాల దగ్గర కాగితం ముక్క పెడితే రెపరెపలాడింది. చల్లగాలి సగం అక్కడే పోతోంది. పైగా ర్యాకుల వెనక పనిచేసేవాళ్లకు ఉక్కపోస్తోందని ఎవరో చల్లగాలి పైకొచ్చే చిల్లుల టైల్ ఒకటి హాట్ ఐల్‌లో, అంటే సర్వర్లు వేడిగాలి వదిలే వెనక దారిలో వేశారు! వాళ్ల ఇబ్బంది నిజమే, కానీ అది వేడిగా ఉండాల్సిన చోటే.

ఖాళీల్లో బ్లాంకింగ్ ప్యానెళ్లు (ఖాళీని మూసే పలకలు) బిగించాం, నేల రంధ్రాలకు బ్రష్ సీళ్లు (కేబుళ్ల చుట్టూ గాలి పోకుండా మూసే కుచ్చులు) వేశాం, ఆ టైల్‌ని కోల్డ్ ఐల్‌లోకి, అంటే సర్వర్లు చల్లగాలి పీల్చే ముందు దారిలోకి మార్చాం. పైన 31 ఉన్నది 24కి దిగింది. కొత్త యూనిట్ మాటే మళ్లీ రాలేదు.

ఆ తర్వాతే సెట్ పాయింట్ (ఏసీలో పెట్టే ఉష్ణోగ్రత) ముట్టుకోండి, పెంచేది, వారానికి ఒక్క డిగ్రీ చొప్పున. సర్వర్‌లోకి వెళ్లే గాలికి ఆష్రే (ఏసీ రంగంలో ప్రమాణాలు చెప్పే అమెరికా ఇంజనీర్ల సంఘం) సిఫార్సు 2004లో 20–25 డిగ్రీలు. 2008లో దాన్ని 18–27కి పెంచారు. గది మధ్యలో కొలిచే వేడి కాదిది, సర్వర్ ముఖం దగ్గరది. మీ ఏసీ చూపించే 18 వెనక్కి వచ్చే గాలిదో, బయటికి వదిలే గాలిదో ముందు తేల్చుకోండి. పాత యూనిట్లలో చాలావరకు వెనక్కి వచ్చే గాలినే చూస్తాయి. 27 మాత్రం దాటించకండి. అక్కడి నుంచి సర్వర్ల ఫ్యాన్లే వేగం పెంచి, మిగిల్చిన కరెంటును తినేస్తాయి.

ఫ్యాన్ల సంగతి చాలామంది పట్టించుకోరు. ఫ్యాన్ వేగాన్ని 80 శాతానికి తగ్గిస్తే అది తినే కరెంటు దాదాపు సగానికి పడిపోతుంది, ఎందుకంటే కరెంటు వేగపు ఘనంతో మారుతుంది. మీ యూనిట్లకు వేగం మార్చే వీలుంటే ఒక్కదాన్ని ఫుల్‌గా తోలడం కన్నా రెండింటిని నెమ్మదిగా నడపడం మేలు. తేమ సెట్టింగులు కూడా చూడండి: మా దగ్గర పక్కపక్కనే ఉన్న రెండు యూనిట్లలో ఒకటి తేమ పెంచుతుంటే, రెండోది అదే తేమను లాగేస్తోంది. నెలల తరబడి.

ఇక పీయూఈ. డేటా సెంటర్ వాడే మొత్తం కరెంటును సర్వర్ల లాంటి ఐటీ పరికరాల కరెంటుతో భాగిస్తే వచ్చే అంకె, తక్కువైతే మంచిదంటారు. దాన్నొక్కదాన్నే నమ్మకండి. పనిలేని పాత సర్వర్లు ఆపేసిన నెలలో మా పీయూఈ పెరిగింది, మొత్తం కరెంటు వాడకం మాత్రం తగ్గింది. మేనేజర్‌కి అది చెప్పి ఒప్పించడానికి రెండు మీటింగులు పట్టాయి. అయినా ఆ సర్వర్లు ఆపడం సరైన పనే. సర్వర్ తాగిన ప్రతి వాట్ వేడిగా మారి మళ్లీ ఏసీ నెత్తినే పడుతుంది.

ముందు ప్రతి ర్యాక్‌కీ కింద, మధ్య, పైన ఇన్‌లెట్ (సర్వర్ గాలి పీల్చే చోటు) కొలతలు రాసి పెట్టండి. పైకీ కిందికీ 5 డిగ్రీలకు మించి తేడా ఉన్న ర్యాకుల్లో ఖాళీలు మూయడంతో మొదలుపెట్టండి.