కోళ్లు, కుండీలు, రాట్నం కోసం డిపాజిట్ తీసేయొచ్చా?

ప్రశ్న: మేమిద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం. ఇంటి వెనక కొంచెం ఖాళీ స్థలం ఉంది. కుండీల్లో కూరగాయలు, కంపోస్టు, నాలుగు కోళ్లు, నూలు వడకడానికి ఒక రాట్నం ఏర్పాటు చేసుకోవాలని చాలాకాలంగా కోరిక. అన్నీ ఒకేసారి మొదలుపెడితే దాదాపు రెండు నెలల జీతం అవుతుందని లెక్క వేశాను. అత్యవసరాలకని వేసుకున్న డిపాజిట్ మూడు నెలల ఇంటిఖర్చుకు సరిపోతుంది. అందులోంచి తీయనా, లేక పర్సనల్ లోన్ తీసుకోనా? గుడ్లు, కూరగాయలు కొనే ఖర్చు తగ్గుతుంది కాబట్టి నెలనెలా చేసే పొదుపు కొన్నాళ్లు ఆపితే ఫర్వాలేదా? ముందు దేనితో మొదలుపెట్టమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: డిపాజిట్ ముట్టుకోవద్దు. లోన్ వద్దు. పొదుపు ఆపొద్దు. అలాగని మీ కోరికను పక్కన పెట్టమనడం లేదు. మీరు రాసిన నాలుగింటిలో మూడింటిని నెల జీతంలో మిగిలే డబ్బుతోనే మొదలుపెట్టొచ్చు. కోళ్ల విషయంలో మాత్రం కొంతకాలం ఆగాలి.

మీరు కొనాల్సినవాటి ఖర్చు లెక్క వేశారు, మంచిదే. దాని పక్కన ఇంకో లెక్క రాసుకోండి: చేతిలో డబ్బు లేని నెలలో వీటిలో ఏ ఖర్చు ఆపగలరు, ఏది ఆపలేరు? ఉద్యోగం పోయిందనుకోండి. కొత్త విత్తనాలు కొనడం మానేయొచ్చు. కంపోస్టు దాని మానాన అది కుళ్లుతూ ఉంటుంది. రాట్నాన్ని మూలన పెట్టొచ్చు, అవసరమైతే అమ్మేయొచ్చు. కోళ్లకు మాత్రం ఆ రోజూ దాణా వేయాలి, నీళ్లు పెట్టాలి, జబ్బు చేస్తే డాక్టరుకు చూపించాలి. సరిగ్గా ఆ నెల కోసం దాచిన డబ్బుతోనే కోళ్లను తెచ్చుకుంటే, అప్పుడు మీకూ వాటికీ కూడా ఆసరా ఉండదు.

లోన్‌తో వచ్చే చిక్కు కూడా ఇదే. కుండీల మీద ఖర్చు ఎప్పుడైనా ఆపొచ్చు గానీ, కుండీల కోసం తీసుకున్న అప్పుకు ఈఎంఐ ఆపలేరు. హాయిగా సాగాల్సిన వ్యాపకం మీద వాయిదాల టెన్షన్ వచ్చి పడుతుంది.

ఇక గుడ్ల లెక్క చూద్దాం, చాలామంది ఇక్కడే ఆశపడతారు. గుడ్లు పెట్టే కోడి రోజుకు సుమారు 115 గ్రాముల దాణా తింటుంది. అంటే ఏడాదికి 42 కిలోలు. ఇంట్లో పెంచే కోడి మొదటి ఏడాది 200 గుడ్లు పెట్టిందనుకుంటే ఒక్కో గుడ్డు వెనక 210 గ్రాముల దాణా ఉన్నట్టు. రెండో ఏడాది నుంచి గుడ్లు తగ్గుతాయి, తిండి మాత్రం ఇంచుమించు అంతే. మూడో ఏడాది 120కి దిగితే ఒక్కో గుడ్డుకు 350 గ్రాములు పడుతుంది. మీరు కొనే చోట అంత దాణా ఎంతో, ఒక గుడ్డు ఎంతో పక్కపక్కన రాసుకుని చూడండి. గూడు ఖర్చు కూడా కలపాలి. నాలుగు కోళ్లు మూడేళ్లలో 200, 160, 120 చొప్పున పెడితే మొత్తం 1920 గుడ్లు. గూటికి అయ్యే ఖర్చును 1920తో భాగించి ఆ దాణా ధరకు కలపండి. అప్పుడు వచ్చేదే మీ ఇంటి గుడ్డు అసలు ధర.

ఇందులో ఇంకా చేరనివి ఉన్నాయి. కోడిపిల్లల్ని తెచ్చుకుంటే మొదటి గుడ్డు కోసం సుమారు ఐదు నెలలు చూడాలి. అప్పటికే ఒక్కోటి ఏడెనిమిది కిలోల దాణా తినేసి ఉంటుంది. ఈకలు రాల్చే కాలంలో రెండు మూడు నెలలు గుడ్లే ఉండకపోవచ్చు. పగటి వెలుతురు 14 గంటలకు తగ్గినప్పుడు కూడా గుడ్లు తగ్గుతాయి. బాగా చూసుకుంటే కోడి ఆరు నుంచి ఎనిమిదేళ్లు బతుకుతుంది. గుడ్లు ఆగిపోయిన ముసలి కోళ్లను ఏం చేస్తారో ఇంట్లో ఇప్పుడే మాట్లాడుకోండి. చివరిదాకా పెంచుతామంటే ఆ ఏళ్ల దాణా కూడా మీ లెక్కలో ఉండాలి.

గూటి విషయంలో ఒక్క మాట. చూడ్డానికి బాగుండాలని డబ్బు పోయకండి. ఖర్చంతా వల మీద, గడియ మీద పెట్టండి. ఆరు కోణాల గళ్లుండే సన్నతీగ కోళ్ల వల కోడిని బయటికి పోనివ్వదు, కానీ లోపలికి దూరాలని చూసే జంతువును ఆపలేదు. దాన్ని కొరికి, చింపి వచ్చేస్తాయి. గళ్లు సెంటీమీటరున్నర మించని గట్టి వెల్డెడ్ మెష్ (తీగలు కలిసేచోట అతికించిన ఇనుప వల) వేయించండి. ఇక్కడ పొదుపు చేస్తే ఒక్క రాత్రిలో నాలుగు కోళ్లూ పోవచ్చు. గూడు కట్టించే ముందు మీరున్న చోట కోళ్లు పెంచుకోవడానికి అనుమతి ఉందో లేదో కనుక్కోండి. అద్దె ఇల్లయితే ఓనరును కూడా అడగండి.

మరి మొదలు దేంతో? కంపోస్టుతో. దీనికి దాదాపు ఏమీ ఖర్చు కాదు. తిరిగే డ్రమ్ములు, ఖరీదైన డబ్బాలు అక్కర్లేదు. అడుగున, పక్కల రంధ్రాలు చేసిన పాత బకెట్టు చాలు. కూరగాయల తొక్కలు ఒక పాలు వేస్తే, ఎండుటాకులు, చింపిన అట్టముక్కలు రెండు మూడు పాళ్లు వేయాలి. ఎండుటాకుల్లో కర్బనం, పచ్చి తొక్కల్లో నత్రజని ఎక్కువ. కర్బనం, నత్రజని 25 లేదా 30కి ఒకటి చొప్పున ఉంటే సూక్ష్మజీవులు చురుగ్గా పనిచేస్తాయి. వాసన వస్తోందంటే తడి ఎక్కువైందనో, పచ్చి చెత్త ఎక్కువైందనో అర్థం. ఎండుటాకులు కలిపి కదిపితే సర్దుకుంటుంది. కుండీల కంటే ముందే దీన్ని మొదలుపెట్టమనడానికి కారణం డబ్బే. కుండీల సాగులో మొదటి ఏడాది మట్టి మిశ్రమానికి బాగా ఖర్చవుతుంది. 20 లీటర్ల కుండీలు పది నింపాలంటే 200 లీటర్ల మిశ్రమం కావాలి. అందులో పావు వంతు మీ కంపోస్టే అయితే 50 లీటర్లు కొనక్కర్లేదు.

కుండీల్లో ముందుగా ఆకుకూరలు, వంటల్లో కొంచెం కొంచెంగా వాడే సువాసన మొక్కలు వేయండి. తిరిగి వచ్చేది వీటి నుంచే ఎక్కువ. కట్ట కొంటే సగం వాడి సగం పారేసే రకాలు ఇవే. కుండీలో ఉంటే ఆ పూటకు కావలసినంతే తుంచుకుంటారు, చాలావాటిని ఒకసారి కోసినా మళ్లీ చిగురిస్తాయి. టమాటా లాంటివాటికి రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటల ఎండ, పెద్ద కుండీ కావాలి. అవి రెండో విడతలో పెట్టుకోండి.

రాట్నం కొనకండి, ముందు ఒక తకిలీ, అంటే చేత్తో తిప్పి నూలు వడికే చిన్న కదురు, కొనుక్కోండి. ధరలో రెంటికీ చాలా తేడా. తకిలీ మీద చేయి కుదిరి, కొన్ని నెలల తర్వాత కూడా రోజూ వడకాలనిపిస్తే అప్పుడు రాట్నం సంగతి చూడొచ్చు. అది కూడా వాడినదైనా సరే. మంచి రాట్నాన్ని మళ్లీ అమ్మినా ఓ మోస్తరు ధర వస్తుంది. బట్టల ఖర్చు తగ్గుతుందన్న ఆశ మాత్రం ఇందులో వద్దు. పెద్దవాళ్ల స్వెట్టరుకు సుమారు 1200 మీటర్ల రెండు పేటల నూలు (రెండు పోగులు కలిపి పురిపెట్టినది) పడుతుందనుకుంటే, వడకాల్సింది 2400 మీటర్లు. గంటకు వంద మీటర్లు వడికినా అది 24 గంటల పని. పేటలు కలపడం, అల్లడం వేరే. ఆ గంటలు మీకు ఇష్టమైన గంటలు, వాటికి విలువ ఉంది. ఆ విలువను పొదుపు కింద రాయకండి, అంతే. కడగని పచ్చి ఉన్ని కిలో ధర తక్కువగా కనిపిస్తుంది. కడిగితే జిడ్డు, మట్టి పోయి బరువులో మూడో వంతు నుంచి సగం దాకా తగ్గొచ్చు, కాబట్టి మిగిలే ఉన్ని మీద ధర లెక్కేసుకోండి.

వీటన్నిటికీ కలిపి నెలకో పరిమితి పెట్టుకోండి: ఇద్దరి జీతాల్లో ఖర్చులు, పొదుపు పోగా మిగిలేదాంట్లో సగం. ఆ నెల వాడనిది వచ్చే నెలకు జమ చేసుకోండి. కూరగాయల బిల్లు తగ్గుతుందని ముందే అనుకుని పొదుపు తగ్గించొద్దు. ఆరు నెలల బిల్లులు రాసిపెట్టుకుని, నిజంగా తగ్గితే ఆ తేడాను పొదుపుకే కలపండి.

మీ అత్యవసర నిధి ఆరు నెలల ఖర్చుకు పెరిగాక, నాలుగు కోళ్లకు ఆరు నెలల దాణా, అంటే 84 కిలోల ఖరీదు, దాంతోపాటు ఒకసారి డాక్టరుకు చూపించే ఖర్చు విడిగా పక్కన పెట్టగలిగిన రోజున కోళ్లను తెచ్చుకోండి. అప్పటికి కంపోస్టు పని కూడా మీ చేతికి అలవాటై ఉంటుంది. కోళ్ల రెట్టలో నత్రజని చాలా ఎక్కువ, నేరుగా కుండీల్లో వేస్తే మొక్కలు మాడిపోతాయి. ఎండుటాకులతో కలిపి నెలల తరబడి బాగా కుళ్లనిచ్చాకే వాడాలి. కాబట్టి ఆకులు రాలే కాలంలోనే నాలుగైదు బస్తాలు నింపి పెట్టుకోండి.