హిప్పోకాంపస్‌లో ఏ ఇంటర్న్యూరాన్ ఎవరిని ఆపుతుంది? పీవీ, సొమాటోస్టాటిన్, వీఐపీ బాణాల బొమ్మ సరిపోతుందా?

కార్టెక్స్ పాఠంలో, పక్క న్యూరాన్లని ఆపే ఇంటర్న్యూరాన్లలో వీఐపీ కణాలు సొమాటోస్టాటిన్ కణాల్ని ఆపుతాయనీ, సొమాటోస్టాటిన్‌వి పీవీ కణాల్ని ఆపుతాయనీ, పీవీవి ఒకదాన్నొకటి ఆపుకుంటాయనీ బాణాలు గీసి చెప్పారు, జ్ఞాపకాలకి ముఖ్యమైన హిప్పోకాంపస్‌కీ అదే బొమ్మ పనికొస్తుందా అని మీరు అడిగారు. సగం పనికొస్తుంది, కానీ తేడా వచ్చే సగంలోనే అసలు కథ ఉంది. పీహెచ్‌డీలో నా పని కొన్నేళ్ల పాటు ఎలుక మెదడు ముక్కల్లో సీఏ1 (హిప్పోకాంపస్‌లో ఒక భాగం) కణాల కరెంట్లు రికార్డు చేయడమే కాబట్టి ఆ అనుభవంతో చెప్తున్నా.

ముందు ఆ మూడు పేర్లనీ కాసేపు పక్కన పెట్టండి. కణంలో ఏ ప్రోటీన్ (పీవీ అంటే పార్వాల్బ్యుమిన్), ఏ పెప్టైడ్ (సొమాటోస్టాటిన్, వీఐపీ) ఉందో అవి చెప్తాయి గానీ, ఆ కణం ఎవరితో కనెక్ట్ అవుతుందో చెప్పవు. సీఏ1లో పీవీ కణాలంటేనే కనీసం మూడు రకాలు: పిరమిడల్ కణాల (అక్కడి ప్రధాన ఉత్తేజక న్యూరాన్ల) సెల్ బాడీని చుట్టుకునే బాస్కెట్ సెల్స్, సరిగ్గా ఆక్సాన్ (సంకేతం బయటికి పంపే తీగ) మొదలయ్యే చోట సినాప్స్ పెట్టే ఆక్సో-ఆక్సానిక్ సెల్స్, డెండ్రైట్ల (సంకేతాలు అందుకునే కొమ్మల) మీద పైకీ కిందకీ పరుచుకునే బైస్ట్రాటిఫైడ్ సెల్స్. ఈ చివరి రకంలో సొమాటోస్టాటిన్ కూడా ఉంటుంది, మరి దాన్ని ఏ డబ్బాలో వేస్తారు? వీఐపీ సంగతి ఇంకా గందరగోళం: వాటిలో కొన్ని సీసీకే (ఇంకో పెప్టైడ్) బాస్కెట్ సెల్స్, అవి నేరుగా పిరమిడల్ కణాన్నే ఆపుతాయి, ఇంకొన్ని పనిగట్టుకుని వేరే ఇంటర్న్యూరాన్లనే ఆపుతాయి. హిప్పోకాంపస్ కణాల్లో ఇంటర్న్యూరాన్లు ఓ 10-15 శాతమే, అయినా 2008లో క్లాస్‌బర్గర్, షొమోజి ఒక్క సీఏ1లోనే 21 రకాలు లెక్కేశారు.

అందుకే ఏ కణం గురించి చదివినా నేను వేసుకునే ప్రశ్నలు రెండే. దీని ఆక్సాన్ ఎక్కడ దిగుతుంది? దీన్ని ఎవరు లేపుతారు?

సొమాటోస్టాటిన్ కణాల్లో ఒక రకమైన ఓఎల్ఎం కణాన్ని తీసుకోండి. సెల్ బాడీ ఓరియెన్స్ పొరలో ఉంటుంది, ఆక్సాన్ మాత్రం పిరమిడల్ పొర దాటి, రేడియాటం దాటి, లాకునోసం-మాలిక్యులేర్ పొర దాకా వెళ్లి అక్కడ గుబురుగా విడిపోతుంది. హిప్పోకాంపస్‌కి సమాచారం పంపే ఎంటోరైనల్ కార్టెక్స్ నుంచి వచ్చే ఇన్‌పుట్ పిరమిడల్ కణాల డెండ్రైట్ల చివర్లని తాకేది అక్కడే, అంటే ఓఎల్ఎం ఆపేది ఆ దారిని. దాన్ని లేపేది ఎక్కువగా పక్కనున్న సీఏ1 పిరమిడల్ కణాలే. ఆ సినాప్స్ మొదటి స్పైక్‌కి (విద్యుత్ సంకేతానికి) దాదాపు పలకదు, వరసగా కొడితే బలం పెరుగుతూ పోతుంది. బాస్కెట్ సెల్స్ దీనికి సరిగ్గా ఉల్టా, వాటికి సీఏ3 (సీఏ1కి ముందుండే భాగం) నుంచి కూడా నేరుగా ఇన్‌పుట్ వస్తుంది కాబట్టి ఒకటి రెండు మిల్లీసెకన్లలోనే స్పందిస్తాయి, తర్వాత ఆ సినాప్స్‌లు నీరసపడతాయి. ఫలితంగా పిరమిడల్ కణాలు వరసగా ఫైర్ అవుతుంటే ఇన్హిబిషన్ (ఈ ఆపే ప్రభావం) ముందు సెల్ బాడీ దగ్గర పడుతుంది, కాసేపటికి డెండ్రైట్ల చివరికి జరుగుతుంది. బాణాల బొమ్మలో ఈ టైమింగ్ అస్సలు కనిపించదు, నాకు ఆ బొమ్మ మీద కోపం అందుకే.

ఇక ఇంటర్న్యూరాన్ల మధ్య కనెక్షన్లు. మైక్రోస్కోప్ కింద ఓరియెన్స్‌లో, ఆల్వియస్‌కి (ఆక్సాన్లు కట్టగా సాగే పొరకి) సమాంతరంగా కండెలా పడుకున్న కణం కనిపిస్తే అది ఓఎల్ఎం అయ్యే అవకాశం ఎక్కువ. దాన్ని ప్యాచ్ చేసి (సన్నని గాజు గొట్టం అతికించి) నెగటివ్ కరెంట్ ఇస్తే వోల్టేజ్ కిందకి పడి మెల్లగా పైకి లేస్తుంది, ఆ వంపు చూడగానే ప్రాణం లేచొస్తుంది. మా ఎలుకల్లో వీఐపీ కణాలకి చానెల్‌రొడాప్సిన్ (నీలి లైటు పడితే కణాన్ని లేపే ప్రోటీన్) ఉండేది, నీలి లైటు ఒక్క క్షణం వేస్తే ఓఎల్ఎంలో చిన్న ఇన్హిబిటరీ కరెంట్ వచ్చేది, గాబజీన్ (ఇంటర్న్యూరాన్లు వదిలే గాబాని అడ్డుకునే మందు) పోస్తే కాసేపటికి గీత చదునైపోయేది. కాబట్టి వీఐపీ నుంచి ఓఎల్ఎంకి బాణం నిజమే. కానీ అదే లైటుకి పక్కనున్న పిరమిడల్ కణంలోనూ కరెంట్ వచ్చేది, సీసీకే బాస్కెట్ సెల్స్ పుణ్యమా అని. ఈ సీసీకే సినాప్స్‌కి ఒక గుర్తుంది: పిరమిడల్ కణాన్ని కొన్ని సెకన్లు డీపోలరైజ్ చేసి (వోల్టేజ్ పెంచి) వదిలితే, అది వదిలే ఎండోకానబినాయిడ్లు (కణమే తయారుచేసే గంజాయి లాంటి అణువులు) సీబీ1 రిసెప్టర్ల ద్వారా ఆ ఇన్హిబిషన్‌ని కాసేపు తగ్గిస్తాయి. పీవీ బాస్కెట్ సినాప్స్‌లో సీబీ1 ఉండదు, అది చలించదు.

పీవీ బాస్కెట్ సెల్స్ ఒకదాన్నొకటి ఆపుకోవడం ఇక్కడా నిజమే, పైగా వాటి మధ్య గ్యాప్ జంక్షన్లు (నేరుగా కరెంట్ పారే అతుకులు) కూడా ఉంటాయి, గామా రిథమ్‌కి (వేగంగా ఊగే మెదడు తరంగాలకి) ఇవి ముఖ్యం. ఆక్సో-ఆక్సానిక్ సెల్స్ మాత్రం పిరమిడల్ కణాలతో తప్ప ఎవరితోనూ పెట్టుకోవు, కాబట్టి పీవీ నుంచి పీవీకి బాణం గీస్తే వాటిని అందులో కలపకండి. ఓఎల్ఎం కణాలు రేడియాటంలో సీఏ3 దారిని ఆపే కొన్ని ఇంటర్న్యూరాన్లని కూడా ఆపుతాయి, అంటే ఎంటోరైనల్ దారి మూసేస్తూనే సీఏ3 దారిని కాస్త వదులు చేయగలవు.

పేపర్లు చదివేటప్పుడు మెథడ్స్‌లో ముక్క ఎంత మందం, ఏ కోణంలో కోశారు అనేది తప్పకుండా చూడండి. సాధారణంగా మందం 300 మైక్రాన్లు ఉంటుంది, కోణం కాస్త తేడా వచ్చినా ఓఎల్ఎం ఆక్సాన్ మధ్యలోనే తెగిపోతుంది. అప్పుడు రెండు కణాల్నీ కలిపి ప్యాచ్ చేసినా కనెక్షన్ లేదనే వస్తుంది. లైటు పద్ధతిలో తెగిన ఆక్సాన్ చివర్లు కూడా గాబా వదులుతాయి కాబట్టి అందులో కనిపించొచ్చు, కానీ ఎన్ని కణాలు కలిసి ఆ కరెంట్ ఇచ్చాయో దాన్నిబట్టి చెప్పలేం.