అమ్మానాన్నలతో మౌంట్ ఐరన్ ఎక్కొచ్చా?

న్యూజీలాండ్‌కి కొత్తగా వచ్చినవాళ్లు దక్షిణ దీవిలోని వనాకా ఊరికి ట్రిప్ అనగానే నన్ను అడిగేది అక్కడి రాయ్స్ పీక్ కొండ గురించే. ఫోటోల్లో చూసిన ఆ కొన అందరికీ కావాలి. రానూ పోనూ 16 కిలోమీటర్లు, 1,200 మీటర్ల పైన ఎక్కుడు, ఐదారు గంటలు. పైగా గొర్రెలు ఈనే కాలమని అక్టోబర్ 1 నుంచి నవంబర్ 10 దాకా ఆ దారి మూసేస్తారు. ఇంటి నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే దాని ఊసే ఎత్తకండి. వనాకా ఊరి అంచునే మౌంట్ ఐరన్ ఉంది, అక్కడికి తీసుకెళ్లండి.

ఎత్తు 548 మీటర్లు. కంగారు పడకండి, ఊరే ఎత్తు మీద ఉంది కాబట్టి మనం ఎక్కేది 240 మీటర్లే. చుట్టు తిరిగి వస్తే నాలుగున్నర కిలోమీటర్లు. గంటన్నర పడుతుందని చెబుతారు. అది ఇక్కడివాళ్ల నడక. ఫోటోలు, వీడియో కాల్, మధ్యలో చక్కిలాలు కలుపుకుని మన కుటుంబానికి రెండున్నర గంటలు వేసుకోండి.

ఈ కొండ సంగతి ఒకటి తెలిస్తే నడక తేలికవుతుంది. ఒకప్పుడు ఇక్కడ మందపాటి హిమానీనదం, అంటే మెల్లగా జారే మంచుగడ్డల నది, కదిలేది. అది ఎక్కి వచ్చిన పడమటి వైపు రాయిని అరగదీసి వాలుగా చేసింది, దిగిపోయిన తూర్పు వైపు రాళ్లను పెకలించుకుపోయింది. అందుకే పడమటి దారి నెమ్మదిగా ఎక్కుతుంది, తూర్పు దారి నిటారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను పడమటి దారినే ఎక్కించి, అదే దారిన దింపండి. చుట్టు పూర్తి చేయాలన్న పంతం వద్దు. ఎక్కేటప్పుడు ఆయాసమే, దిగేటప్పుడు అసలు పరీక్ష: సన్న గులకరాళ్ల మీద కాలు జారుతుంది. మొదటి ఏడాది నేను చెప్పులేసుకుని తూర్పు వైపు దిగి, చివరి మలుపులో కూలబడ్డాను. అరచేతులు గీరుకుపోయాయి, తప్పు పూర్తిగా నాదే. పట్టున్న బూట్లు వేసుకోండి.

దారి పొడవునా సన్నాకు చెట్లు కనిపిస్తాయి. తేనె సీసా మీద మానుకా అని చదివి ఉంటారు కదా, దాని చుట్టం ఇది. పేరు కానుకా. మా అమ్మకి చెబితే "ఎవరిచ్చారే ఈ కానుక" అని నవ్వింది. ఆ పొదలు ఎండితే తొందరగా అంటుకుంటాయి. అగ్గిపుల్ల, సిగరెట్ అస్సలు వద్దు.

పైకి చేరాక ఒకవైపు వనాకా సరస్సు, ఇంకోవైపు దాని నుంచి బయల్దేరిన క్లూథా నది పచ్చగా మెలికలు తిరుగుతూ కనిపిస్తుంది. చుట్టూ కొండలు. ఇక్కడ జూలై అంటే చలికాలం, అప్పుడు వెళ్తే వాటి మీద మంచు. నాకు ఆ నెలే ఇష్టం, కానీ నీడ పడ్డ చోట పొద్దున గడ్డకట్టిన నేల జారుతుంది, పదకొండు దాటాక బయల్దేరండి. సాయంత్రం ఐదుకే పొద్దు గూకుతుంది. డిసెంబర్‌లో తొమ్మిదిన్నర దాకా వెలుతురుంటుంది కాబట్టి సాయంత్రం ఏడుకి ఎక్కడం హాయి. మధ్యాహ్నం మాత్రం వద్దు. ఎండ మనకు అలవాటేనని అనుకుంటాం. గాలి చల్లగా ఉండటంతో తెలియదు గానీ, ఇక్కడ అల్ట్రావయొలెట్ కిరణాలు చాలా ఘాటు. టోపీ, సన్‌స్క్రీన్ నల్లటి ఒంటికీ కావాలి. నీళ్లు మోసుకెళ్లండి.

ఎదురొచ్చినవాళ్లు హలో అంటారు, మీరూ అనండి. ఇరుకు చోట వరసగా నడవండి, స్పీకర్లో పాటలు పెట్టకండి. గేటు మూసి ఉంటే దాటాక మూయండి, తెరిచి ఉంటే అలాగే వదిలేయండి.

ఏదైనా జరిగితే ఎమర్జెన్సీ నంబర్ 111కి ఫోన్ చేయండి. కాలు బెణికినా, విరిగినా విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకు కూడా వైద్యం ఖర్చులో సాయం ఏసీసీ (ప్రమాదాల్లో గాయపడ్డవాళ్లకు సాయం చేసే ప్రభుత్వ సంస్థ) చేస్తుంది. గుండె నొప్పి, షుగర్ లాంటి జబ్బులకు అది వర్తించదు. కాబట్టి అమ్మానాన్నలకు ట్రావెల్ ఇన్సూరెన్స్ టికెట్‌తో పాటే తీసుకోండి. బీపీ మాత్రలు కారులో వదిలేయకుండా, నాన్నగారి జేబులోనే పెట్టించండి.