కంప్యూటర్ సందేహాలు: తెర మీద నిలిచిపోయిన నీడ

ప్రశ్న: మాది హనుమకొండలో మీసేవ కేంద్రం. పొద్దున తొమ్మిదింటి నుంచి రాత్రి ఎనిమిది దాకా దాదాపు ఒకే దరఖాస్తు పేజీ తెరిచి ఉంటది. రెండు నెలల నుంచి వేరే పేజీ తెరిచినా వెనక పాత పేజీ గీతలు, కింద టాస్క్‌బార్ నీడ లెక్క కనబడుతున్నయి. మానిటర్ 22 అంగుళాల ఎల్ఈడీ, కొని మూడేండ్లయింది. మార్చాల్నా?

జవాబు: ఇప్పుడే మార్చకండి. మీరు ఎల్ఈడీ అంటున్నది నిజానికి ఎల్‌సీడీ తెర. ఎల్ఈడీలు దాని వెనకాల వెలిగే దీపాలు మాత్రమే. ఎల్‌సీడీలో నిలిచే నీడ చాలావరకు తాత్కాలికం. దీన్ని ఇమేజ్ రిటెన్షన్ అంటారు. బర్న్-ఇన్ వేరు. అందులో వెలుగునిచ్చే పదార్థమే అరిగిపోతుంది.

తెర లోపల పలుచటి ద్రవ స్ఫటికాల పొర ఉంటుంది. కరెంటు వోల్టేజీని బట్టి ఆ స్ఫటికాలు తిరిగి, వెలుగును వదలడమో ఆపడమో చేస్తాయి. ఒకే దిశలో వోల్టేజీ ఇస్తే పొర చెడిపోతుంది కనుక ప్రతి ఫ్రేముకూ (తెర మీద కొత్తగా గీసే ఒక్కో బొమ్మకూ) ప్లస్, మైనస్ మారుస్తూ ఉంటారు. అంటే మామూలు మానిటర్లో సెకనుకు 60 సార్లు. ఆ రెండూ అచ్చంగా సరితూగకపోతే కొద్దిపాటి వోల్టేజీ ఒకవైపే మిగులుతుంది. పొరలో ఉండే సూక్ష్మమైన మలినాల అయాన్లు (విద్యుదావేశం ఉన్న కణాలు) ఆ వైపుకు జరిగి పేరుకుంటాయి. బొమ్మ మారినా అవి వెంటనే కదలవు. అక్కడి స్ఫటికాలు పక్కవాటికంటే కొంచెం ఎక్కువో తక్కువో తిరుగుతాయి, మీకు కనబడే నీడ అదే. ఒకే పేజీ పదకొండు గంటలు నిలిపితే ఇది జరగడం వింతేమీ కాదు.

ముందు తప్పు తెరదా, కంప్యూటర్‌దా తేల్చుకోండి. డెస్క్‌టాప్ బ్యాక్‌గ్రౌండ్‌లో సాలిడ్ కలర్ ఎంచుకుని ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటికీ 128 ఇవ్వండి. నడిమి బూడిద రంగు వస్తుంది. నీడలు తెలుపు మీదకంటే, నలుపు మీదకంటే ఈ రంగు మీదే బాగా బయటపడతాయి. డెస్క్‌టాప్ మీది ఐకాన్లు దాచి, ప్రింట్ స్క్రీన్ తీసి, ఆ ఫైలును ఫోన్లో చూడండి. అందులోనూ నీడ ఉంటే తప్పు గ్రాఫిక్స్‌దో సాఫ్ట్‌వేర్‌దో. ఫైలు శుభ్రంగా ఉండి, తెర మీద మాత్రమే కనబడితే తెరదే. ఫోన్ కెమెరాతో తెరను ఫొటో తీస్తే ఈ తేడా తేలదు, రెండు సందర్భాల్లోనూ నీడ పడుతుంది.

తెరదే అయితే మందు విశ్రాంతి. శనివారం రాత్రి మానిటర్ బటన్ నొక్కి ఆపి, సోమవారం పొద్దున చూడండి. కొద్ది నిమిషాల నీడ నిమిషాల్లోనే పోతుంది. రోజుల తరబడి పడిన దానికి ఒక్క రాత్రి చాలకపోవచ్చు. కొన్ని డెల్ మానిటర్ల మెనూలో ఎల్‌సీడీ కండిషనింగ్ అనే ఆప్షన్ ఉంటుంది, మీ మెనూలోనూ అలాంటిది ఉందేమో వెతకండి. యూట్యూబ్‌లో టపటపా రంగులు మెరిసే వీడియోలు మాత్రం పెట్టకండి. అవి ఒకే రంగులో ఇరుక్కుపోయిన పిక్సెల్ కోసం చేసినవి, ఈ నీడ కోసం కాదు. పైగా మూర్ఛ ఉన్నవాళ్లకు అలాంటి మెరుపులు ప్రమాదం.

మళ్లీ పడకుండా విండోస్ 11 సెట్టింగ్స్‌లో సిస్టమ్, పవర్ లోకి వెళ్లి తెర ఆగే సమయం 5 నిమిషాలు పెట్టండి. స్లీప్‌ను దీనితో కలపకండి, అది వేరే వరుసలో ఉంటుంది. తెర ఆగినంత మాత్రాన ప్రింట్ ఆగదు, లాగిన్ పోదు. టాస్క్‌బార్‌ను ఆటోమేటిక్‌గా దాగేలా చేయండి. స్క్రీన్ సేవర్ పుట్టింది పాత గాజుబుడ్డి మానిటర్ల లోపల వెలుగునిచ్చే ఫాస్ఫర్ పూత కాలిపోకుండా. ఎల్‌సీడీకి తెర ఆపడమే అంతకంటే మేలు, కరెంటూ మిగులుతుంది.

నాలుగైదు రోజుల విశ్రాంతి తరువాత కూడా గీతలు అట్లాగే ఉంటే అది శాశ్వతమే. దానికి రిపేరు లేదు, ప్యానెల్ మార్చే ఖర్చుకు కొత్త మానిటర్ కొనుక్కోవడమే నయం.

ప్రశ్న: పెద్దపల్లి దగ్గర మా రైస్ మిల్లులో సీసీ కెమెరాల మానిటర్ రాత్రింబగళ్లు నడుస్తది. నాలుగు గళ్ల గీతలు, కెమెరా పేర్లు తెర మీద అచ్చుపడ్డయి. గది రేకులది.

జవాబు: మీ దగ్గర రెండు కారణాలు కలిశాయి: కదలని గీతలు, వేడి. చాలా మానిటర్ల మాన్యువల్‌లో గది వేడి 40 డిగ్రీలు మించొద్దని రాసి ఉంటుంది. మే నెలలో రామగుండం వైపు బయటే 45 దాటే రోజులుంటాయి, రేకుల కింద ఇంకా ఎక్కువ. వేడికి అయాన్లు మరింత సులువుగా కదిలి త్వరగా పేరుకుంటాయి. మానిటర్‌ను గోడకు ఆనించకుండా జానెడు దూరం జరపండి, గాలి రంధ్రాల్లో పేరుకున్న ఊక దుమ్మును మెత్తటి బ్రష్‌తో దులపండి, బ్రైట్‌నెస్ 30, 40 మధ్యకు దించండి.

చాలామంది గమనించని సంగతి: మానిటర్ ఆపినా డీవీఆర్ (కెమెరాల దృశ్యాలు రికార్డు చేసే పెట్టె) రికార్డింగ్ ఆగదు. ఎవరూ చూడని రాత్రి వేళల్లో తెర వెలగాల్సిన పనే లేదు. పగటిపూట డీవీఆర్ మెనూలో సీక్వెన్స్ లేదా టూర్ ఆన్ చేస్తే కెమెరాలు ఒకదాని తరువాత ఒకటి నిండు తెర మీద మారుతుంటాయి, గళ్ల గీతలు నిలవవు. కెమెరా పేర్లు తీసేయవచ్చు. తేదీ, సమయం మాత్రం ఉంచండి, దొంగతనం జరిగితే పోలీసులకు చూపాల్సింది అవే.

ప్రశ్న: కరీంనగర్‌లో పెండ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. నిరుడు ఓలెడ్ మానిటర్ తీసుకున్నాను. ఫొటోషాప్ టూల్స్ వరుస ఎడమవైపు మసకగా పడింది. రోజూ రాత్రి బోర్డు మీద స్విచ్ ఆపేసే పోతాను.

జవాబు: పొదుపు కోసం మీరు ఆపుతున్న ఆ స్విచ్చే నష్టం చేస్తోంది. ఓలెడ్‌లో ప్రతి చుక్కా తానే వెలుగుతుంది, వెలిగినకొద్దీ అరుగుతుంది. అన్నిటికంటే ముందు అరిగేది నీలం. ఈ అరుగుదలను సరిచేసే పిక్సెల్ రిఫ్రెష్ చాలా మోడళ్లలో నాలుగు గంటల వాడకం తరువాత, మానిటర్ స్టాండ్‌బైలో ఉన్నప్పుడు కొన్ని నిమిషాలు నడుస్తుంది. కరెంటే లేకపోతే అది ఎలా నడుస్తుంది? మానిటర్ బటన్ మాత్రమే నొక్కి వెళ్లండి. కంప్యూటర్, ప్రింటర్ ఆపాలంటే వాటికి వేరే స్విచ్ పెట్టించండి.

మెనూలో ఇప్పుడే ఒకసారి పిక్సెల్ రిఫ్రెష్ నడపండి, మధ్యలో ఆపకండి. నీడ తగ్గితే మంచిదే. తగ్గలేదని దాదాపు గంట పట్టే పెద్ద రిఫ్రెష్‌ను మాటిమాటికీ చేయొద్దు, అది మానిటర్ అడిగినప్పుడే. ఫొటోషాప్‌లో ట్యాబ్ కీ నొక్కితే ప్యానెళ్లన్నీ దాగుతాయి, మళ్లీ నొక్కితే వస్తాయి. ఇంటర్‌ఫేస్ రంగు అన్నిటికంటే ముదురుది ఎంచుకోండి. చర్మం రంగు సరిచేసేటప్పుడు ఫొటోను తెర నడుమకు తెచ్చుకోండి. నీడ పడ్డచోట చూసి దిద్దితే అచ్చులో పెండ్లికూతురు ముఖం రంగు మారిపోతుంది. కొన్ని కంపెనీలు ఓలెడ్ మానిటర్లకు బర్న్-ఇన్‌ను కూడా వారంటీలో చేర్చాయి. బిల్లు, వారంటీ కార్డు వెతికి, గడువు దాటకముందే అడగండి.

ప్రశ్న: ఆటలో బండి వేగంగా పోతుంటే దాని వెనక తోకలా నీడ వస్తోంది. ఇది కూడా అదేనా? (మంచిర్యాల)

జవాబు: కాదు. బండి ఆగగానే పోయే నీడ పిక్సెల్ రంగు మారడంలో ఆలస్యం. మానిటర్ మెనూలో రెస్పాన్స్ టైమ్ లేదా ఓవర్‌డ్రైవ్‌ను నడిమి స్థాయిలో పెట్టండి. పై స్థాయిలో పెడితే తోక తెల్లగా, ఇంకా వికారంగా వస్తుంది.

ప్రశ్న: వరంగల్‌లో సెకండ్ హ్యాండ్ మానిటర్ కొందామనుకుంటున్నాను. ఈ లోపం ఎట్లా పట్టుకోవాలి?

జవాబు: నలుపు తెలుపు గళ్ల బొమ్మ, పైన చెప్పిన బూడిద రంగు బొమ్మ పెన్‌డ్రైవ్‌లో తీసుకుపోండి. మానిటర్ అరగంట వేడెక్కాక ముందు బూడిద రంగు పెట్టండి, పాత ఆఫీసులో తెరిచి ఉంచిన విండోల గీతలుంటే అప్పుడే తెలుస్తాయి. తరువాత గళ్ల బొమ్మ పది నిమిషాలు కదలకుండా ఉంచి, మళ్లీ బూడిదకు మారండి. గళ్లు రెండు మూడు నిమిషాల్లో మాయమైతే పరవాలేదు. అంతకంటే ఎక్కువసేపు నిలిస్తే ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు.