కయ్యకు పోయినవాడు కయ్యానికి పోలేదు

సందేహం: మాది నిజామాబాద్ వైపు. పెళ్లయి రెండు నెలలు. కాపురం నెల్లూరు పక్కన కోవూరు దగ్గర పల్లెలో. వచ్చిన మూడో రోజు పొద్దున మావారు కనబడక అత్తమ్మను అడిగితే, "వాడు కయ్యకి పొయ్యుండాడు, అన్నానికొస్తాడులే" అన్నారు. కొట్లాటకు పోయాడనుకొని చెప్పుల్లేకుండా వీధిలోకి ఉరికాను. ఇంటిల్లిపాదీ ఇప్పటికీ నవ్వుతున్నారు. కయ్య అంటే వరి మడి అని తర్వాత తెలిసింది. "అది మా యాసలే, తప్పు మాట, నువ్వు పొలం అను" అంటారు మావారు. కయ్య నిజంగా తప్పేనా? కయ్యానికీ దానికీ చుట్టరికం ఉందా?
– ఒక కొత్త కోడలు

సమాధానం: అమ్మా, తప్పు మీది కాదు, మీ అత్తగారిది అసలే కాదు. మీవారిది. యాస అంటే పలికే తీరు. మాటను పట్టుకొని యాస అనడం ఈమధ్య ముదిరిన జాడ్యం. 'పొలం' సంగతీ అంతే. నీరు పారినా పారకపోయినా, గట్టున్నా లేకపోయినా ఇప్పుడన్నీ 'పంట పొలాలే'. పెన్న నీళ్లతో మొలగొలుకుల వరి పండించినవాళ్లకు మాటల కరువేమిటి? నారు పోసేది మడి, నాటేది కయ్య, జొన్నో కందో చల్లేది చేను. మీ అత్తగారు ఒక్క మాటలో కొడుకు ఎక్కడున్నాడో, మోకాళ్లదాకా బురదతో వస్తాడనీ కూడా చెప్పేశారు.

పాత కన్నడంలో 'కెయ్' అంటే పంట నేల. తమిళంలో అదే 'చెయ్'. నన్‌చెయ్ మాగాణి, పున్‌చెయ్ మెట్ట. మన పాత రెవెన్యూ కాగితాల్లోని నంజ, పుంజ ఇవే. 'ఇ', 'ఎ'ల ముందు కన్నడం 'క' అనేచోట తెలుగూ తమిళమూ 'చ' అనడం మామూలే, వాళ్ల కివి మన చెవి అయినట్టు. మరి కయ్యలో కకారం చెక్కుచెదరకుండా ఎలా నిలిచింది? పక్కన అకారం ఉండటం వల్లనని నా ఊహ. 'చేను' కూడా ఈ కుదురుదేనేమోనని చాలాకాలంగా అనుమానం. రుజువు చేయమంటే మాత్రం తడబడతాను. పొలంలోకి నీరు పారే కాలువనూ కయ్య అన్నవాళ్లున్నారు. దాన్నలా ఉంచుదాం.

కయ్యం వేరు. అది 'కై', అంటే చేతి నుంచి వచ్చిందనే వైపు నా మొగ్గు. ఆయుధాన్ని కైదువు అనడంలోనూ ఆ చెయ్యే ఉంది. కయ్యానికైనా వియ్యానికైనా సమఉజ్జీ కావాలన్న సామెత మీరు వినే ఉంటారు. రెండింటికీ చేతులు కలవాల్సిందే!

కయ్యమంటే నెల్లూరు మనిషికి తిక్కన గుర్తురాక తప్పదు. విరాటపర్వం మొదలు 15 పర్వాలు తెనిగించిన కవి తిక్కన ఒకరు, ఆయన పెదతండ్రి కొడుకు ఖడ్గతిక్కన మరొకరు. పశువుల మేతకు కట్టే పుల్లరి దగ్గర ఆలమందల కాటమరాజుకూ నెల్లూరేలే మనుమసిద్ధికీ చెడింది. ఆ పోరులో మనుమసిద్ధి వైపున్న ఖడ్గతిక్కన వెనుదిరిగి ఇల్లు చేరాడట. భార్య చానమ్మ కోప్పడలేదు. నులకమంచం అడ్డుపెట్టి, లోపల నీళ్లూ పసుపుముద్దా సిద్ధం చేసి, స్నానానికి రమ్మంది. ఇదేమిటంటే "ముగు రాఁడువార మైతిమి" అందని చాటువు. అత్త, తాను, ఇక మూడో ఆడది ఆయన. తల్లి ఊరుకుందా? విరిగిన పాలు వడ్డించిందట. 'విరుగు' అంటే పాలు చెడటమూ, సేన చెదరటమూ. అత్తాకోడళ్లు ఒక్కటై మాటలతో కొట్టిన ఇల్లది. మీరు కాలుపెట్టింది ఆ సీమలోనే.

ఇక తీర్పంటారా? కయ్య తప్పు కాదు. రాతలో వాడొచ్చా? వాడొచ్చు. నిజామాబాద్‌కు ఉత్తరం రాసేటప్పుడు మాత్రం పక్కన మడి అని ఒక మాట చేర్చండి, మీ అమ్మగారు కూడా వీధిలోకి ఉరకకుండా. రేపు ఇంటి స్థలం మాటొస్తే 'అంకణం' అంటారు, నెల్లూరులో అది 72 చదరపు అడుగులు. అప్పుడూ బెదరకండి. మా ఆవిడ గోదావరి మనిషి. కొత్తలో మా అమ్మ "బో చేశావే పులుసు" అని మెచ్చుకుంటే, 'బో' అంటే భలే అని తెలియక, తిట్టనుకొని సాయంత్రందాకా మూతి ముడుచుకుంది.

బదులుగా నాకొక సాయం. ఒక గట్టు లోపలిదే కయ్యా, నాలుగు మడులు కలిసినా కయ్యేనా అని మీ అత్తగారిని అడిగి రాయండి. మా అమ్మ రెండు విధాలా అనేది.