స్టెంట్ వేశాక కొల్చిసిన్ వాడాలా?

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. మూడు వారాల కిందట గుండెపోటు వస్తే యాంజియోప్లాస్టీ చేసి స్టెంట్ వేశారు. ఇన్‌ఫ్లమేషన్ తగ్గించే కొల్చిసిన్ వాడితే మళ్లీ గుండెపోటు రాదని విన్నాం. నిజమేనా? ఆయన మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ వేసుకునేవారు. అదీ అలాంటి మందే కదా, కొనసాగించవచ్చా?

జవాబు: ముందు డైక్లోఫెనాక్ ఆపించండి. ఈ రెండూ ఇన్‌ఫ్లమేషన్‌ను తగ్గించేవే అయినా పనిచేసే తీరు వేరు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు గుండెపోటు ముప్పును పెంచుతాయి. పైగా స్టెంట్ కోసం ఇచ్చే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లేదా టికాగ్రెలార్‌తో కలిస్తే కడుపులో రక్తస్రావం కావచ్చు. ఐబుప్రొఫెన్ అయితే ఆస్పిరిన్ పనిచేయాల్సిన చోటుకు ముందే చేరి దానికి అడ్డుపడుతుంది కూడా. మోకాళ్ల నొప్పికి డాక్టర్ చెప్పిన మోతాదులో పారాసెటమాల్ వాడుకోవచ్చు.

ఇక కొల్చిసిన్. ఇది కీళ్లు వాచి నొప్పి పుట్టే గౌట్‌కు ఎప్పటి నుంచో వాడుతున్న మందు. రక్తనాళం గోడలోని కొవ్వు పూత పగలడానికి అక్కడ చేరిన తెల్ల రక్తకణాల అలజడి ఒక కారణం. ఆ కణాల కదలికను కొల్చిసిన్ అణచివేస్తుంది. ఆలోచన బాగుంది, ఫలితాలే ఒక్క తీరుగా లేవు. 2019లో వచ్చిన కోల్కాట్ అధ్యయనంలో 4,745 మందికి గుండెపోటు వచ్చిన 30 రోజుల్లోపు రోజుకు 0.5 మిల్లీగ్రాములు మొదలుపెట్టారు. గుండె సమస్యలు, పక్షవాతం వంటివన్నీ కలిపి చూస్తే 7.1 శాతం నుంచి 5.5 శాతానికి తగ్గాయి. కానీ 2024లో వచ్చిన క్లియర్ సినర్జీ అధ్యయనంలో, మీ నాన్నగారిలాగే గుండెపోటుకు యాంజియోప్లాస్టీ చేయించుకున్న 7,062 మందిని సుమారు మూడేళ్లు గమనిస్తే, తేడా కనిపించలేదు: మందు తీసుకున్నవారిలో 9.1 శాతం, మందు లేని ఉత్తి మాత్ర తీసుకున్నవారిలో 9.3 శాతం. విరేచనాలు మాత్రం 6.6 నుంచి 10.2 శాతానికి పెరిగాయి.

అందుకే ఈ దశలో అందరికీ దీన్ని రాయడం సరికాదని నా అభిప్రాయం. మిగతా మందులన్నీ సరిగ్గా వాడుతున్నా సమస్యలు మళ్లీ మళ్లీ వచ్చేవారి విషయంలో కార్డియాలజిస్టు ఆలోచిస్తారు. అప్పుడైనా కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చూడకుండా మొదలుపెట్టకూడదు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారిలో మందు ఒంట్లో పేరుకుపోయి ప్రాణాంతకం కావచ్చు, దీనికి విరుగుడు లేదు. క్లారిత్రోమైసిన్ యాంటీబయాటిక్, వెరాపమిల్, డిల్టియాజెమ్ వంటి బీపీ, గుండె మందులు కొల్చిసిన్ మోతాదును రక్తంలో పెంచేస్తాయి. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్‌తో కలిపి వాడేవారికి కండరాల నొప్పి, నీరసం వస్తే వెంటనే చెప్పాలి.

నాకు ఎక్కువ భయం కలిగించేది, కొత్త మందు ఆశలో ఉన్నవాటిని మానేయడం. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఆ రెండు మందుల్లో (ఆస్పిరిన్, దానితో పాటు ఇచ్చే క్లోపిడోగ్రెల్ లేదా టికాగ్రెలార్) ఏదైనా సొంతంగా ఆపితే స్టెంట్‌లో గడ్డ ఏర్పడి మళ్లీ గుండెపోటు రావచ్చు. మొదటి నెలలో ఆ ముప్పు మరీ ఎక్కువ, మీ నాన్నగారు ఇప్పుడు సరిగ్గా ఆ కాలంలోనే ఉన్నారు. ఈ జంట మందులు సాధారణంగా ఏడాది పాటు వాడాలి. పళ్లు పీకించుకోవాల్సి వచ్చినా ముందు కార్డియాలజిస్టును అడగండి. చెడు కొలెస్ట్రాల్ (ఎల్‌డీఎల్) 55 కన్నా తక్కువలో ఉందో లేదో స్టాటిన్ మొదలుపెట్టిన 4 నుంచి 6 వారాలకు పరీక్ష చేయించండి. స్టాటిన్ కూడా ఇన్‌ఫ్లమేషన్‌ను తగ్గిస్తుంది. తర్వాతి సందర్శనకు ఆ రిపోర్టుతో పాటు క్రియాటినిన్ రిపోర్టు, ఆయన వేసుకునే మందులన్నీ అట్టలతో సహా తీసుకెళ్లండి.